తలహిబన్‌లో వేసిన టముకు

తలహిబన్ పొలాలు ఎట్లా పోయాయని అడిగితే మా సాన్ ఎమెతెరియో ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. పక్క ఎస్టేటు దొర దోన్ మెలేసియో మింగాడంటారు కొందరు. జడ్జి కళ్ళు మూసుకున్నాడంటారు ఇంకొందరు. తలహిబన్ వాళ్ళు మాత్రం ఏ పేరూ చెప్పరు. నేల చూపులు చూస్తూ కాసేపు వక్కాకు నమిలి, పక్కకి ఉమ్మేసి, మాట మారుస్తారు. వాళ్ళు చెప్పని పేరు మునిసిపాలిటీ టముకువాడిది. ఆ పేటలో ఉన్న పద్దెనిమిది కుటుంబాల్లో ఒకటి అతని సొంత చెల్లెలిది.

అతని మీద నేరం మోపడానికి నేనిది రాయడం లేదు. అట్లా అని కడిగిన ముత్యంలా చూపించడానికీ కాదు. జరిగింది జరిగినట్టు చెబితే ఎవరి వాటా ఎంతో చదివేవాళ్ళకే తెలుస్తుంది. అందులో నా వాటా కూడా ఉంది. ఆ ముక్క దాని చోట చెబుతాను.

అతని పేరు సొతేరో. ఊరంతా మర్యాదగా మాంగ్ సొతేరో అనేది. మునిసిపాలిటీ ప్రెసిడెంటు గారూ, దోన్ మెలేసియో మాత్రం వట్టి సొతేరో అనేవాళ్ళు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. మెడ చూస్తే కొంగ, గొంతు వింటే ఎద్దు. తండ్రి కూడా టముకువాడే, స్పెయిన్ వాళ్ళ కాలంలో. దున్నపోతు తోలు బిగించిన ఆ టముకు తండ్రి నడుము మీంచి కొడుకు నడుము మీదికి వచ్చింది. దొరలు మారారు, జెండా మారింది, పన్నుల పేర్లు మారాయి, టముకు మారలేదు.

పొద్దున్నే మునిసిపాలిటీ మెట్ల మీద కూర్చునేవాడు. లోపలనుంచి గుమాస్తా లాదిస్లావ్ కాగితం తెచ్చి చదివి వినిపిస్తే, దాన్ని బుర్రలో పెట్టుకుని పేట పేటకీ తిరిగి చెప్పేవాడు. సొతేరోకి చదువు రాదు. ఒక్కసారి వింటే చాలు, మాట పొల్లుపోయేది కాదు. పందుల్ని వీధిలో వదలకూడదు, సంతలో కొలత కుంచాలకి ముద్ర వేయించుకోవాలి, బావి చుట్టూ గట్టు కట్టాలి, తలపన్ను చీటీ లేనివాళ్ళు ఫలానా తేదీలోగా తీసుకోవాలి. మునిసిపాలిటీ పని అయిపోయాక సొంత బేరాలు. తప్పిపోయిన దున్నలు, అమ్మకానికి వచ్చిన పడవలు, చువా దుకాణంలో దిగిన సరుకు.

గురువారం సంతలో అతన్ని చూడాలి. చీనా చువా దుకాణం ముందు నిలబడి టముకు మీద నాలుగు వేసి మొదలుపెట్టేవాడు.

"చువా కొట్లో ఎండు చేపలు దిగాయహో! తల ఉన్నవీ ఉన్నాయి, తల లేనివీ ఉన్నాయి! తల లేనివాటికి తలపన్ను లేదహో! కొనుక్కున్నవాళ్ళది అదృష్టమహో!"

సంతంతా గొల్లున నవ్వేది. చువా లోపలనుంచి తల పట్టుకునేవాడు.

"మాంగ్ సొతేరో, నీకు దణ్ణం. ప్రెసిడెంటు వింటే నా కొట్టు మూయిస్తాడు."

"మూయిస్తే మంచిదేగా. మూసిన కొట్టుకి సంతపన్ను ఉండదు."

"నీకిచ్చే చేపలూ ఉండవు, చూసుకో."

రొట్టెలమ్మే ఆడవాళ్ళు అతన్ని ఊరికే పోనిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి ఒకావిడ గరిటె పట్టుకుని లేచింది. "ఏం మామా, పందుల్ని కట్టెయ్యమని ఊరంతా అరిచి చెబుతావు. నీ పంది వచ్చి నా బుట్టలో మూతి పెట్టింది!"

"అది నాది కాదమ్మా, మునిసిపాలిటీది. తనిఖీకి వచ్చింది. రెండు రొట్టెలు పెట్టి పంపించెయ్, జుల్మానా ఉండదు."

ఇదంతా పైకి కనిపించే సొతేరో. ఊరు అతన్ని ప్రాణంలా చూసుకోవడానికి కారణం వేరే ఉంది. దాన్ని మునిసిపాలిటీ వాళ్ళ ముందు ఎవరూ అనేవాళ్ళు కాదు.

చాటింపు అయిపోయాక టముకువాడు వెనక్కి తిరిగి నడుస్తాడు కదా. అప్పుడు, కర్రకంటిన దుమ్ము దులుపుతున్నట్టుగా, టముకు చెక్క అంచు మీద రెండు దెబ్బలు వేసేవాడు. టక్, టక్. అంతే. దానర్థం, వచ్చేవాళ్ళు మీ దగ్గర ఏదో లాక్కోవడానికి వస్తున్నారు, కనబడకండి అని. స్పెయిన్ వాళ్ళ కాలంలో అడవిలో దుంగలు కొట్టించడానికి మగవాళ్ళని పట్టుకుపోయేవాళ్ళట. అప్పుడు మొదలుపెట్టాడు అతని తండ్రి. సొతేరో కాలంలో దుంగలు పోయి రోడ్డు వెట్టి వచ్చింది. అయిదు రోజులు కంకర మొయ్యాలి, లేదా డబ్బు కట్టాలి. చెక్క మీద రెండు దెబ్బలు పడితే చాలు, తెల్లారేసరికి పేటలో మగపురుగు కనిపించేది కాదు. దున్నలతో సహా ఏపుగా పెరిగిన తలహిబ్ గడ్డిలోకి పోయి కూర్చునేవాళ్ళు. గడ్డి గుర్రం మీద వచ్చినవాడి తలకంటే ఎత్తుండేది.

ఇందులో ఒక సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు. జనం మాటలు వినడం మానేశారు. టముకువాడు వెళ్ళిపోయాక ఒకరినొకరు అడిగేది "ఏం చెప్పాడు?" అని కాదు. "చెక్క మీద వేశాడా?" అని. వేస్తే పరుగు, వెయ్యకపోతే పని. మధ్యలో అరిచిన చాటింపు గాలికి పోయేది. మనకి మేలు చేసేది ఏదీ ఆ మునిసిపాలిటీ మెట్లు దిగి రాదని అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు, మూడు వందల ఏళ్ళు పట్టింది.

చెక్క దెబ్బలు అన్ని పేటలకీ దక్కేవి కావు. వాగు అవతల మాపుతిక్ అని ఒక పేట ఉంది. అక్కడి వాళ్ళతో సొతేరోకి కోడి పందెం దగ్గర తగువొచ్చింది. గెలిచిన తన పుంజుని ఓడిందన్నారని అతని కోపం. పుంజు కాలికి కట్టిన కత్తికి విషం రాశాడని వాళ్ళ కోపం. మూడేళ్ళుగా మాపుతిక్‌లో చాటింపు వేసి, చెక్క మీద వెయ్యకుండా వచ్చేసేవాడు. వాళ్ళని రోడ్డు పనికి తోలుకుపోతుంటే సంతలో నిలబడి చూసి, "ఎండ తగిలితే ఒంటికి మంచిదిలే" అనేవాడు. అంత ధర్మాత్ముడూ కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఇక తలహిబన్. అది ఒకప్పుడు వట్టి గడ్డి బీడు. ఎవరిదీ కాదు. సొతేరో చెల్లెలు బసిలిసా, ఆమె మొగుడు అగపీతో, ఇంకో పదిహేడు కుటుంబాలు కలరా ఏడాది అక్కడికి పోయి గడ్డి కొట్టి, వేళ్ళు తవ్వి, గట్లు వేసి, మడి చేశారు. పన్నెండేళ్ళు పట్టింది. బసిలిసా రెండో బిడ్డ ఆ గట్టు మీదే పుట్టింది. పక్కన దోన్ మెలేసియో ఎస్టేటు. ఆయన పొలం ఎక్కడ ఆగుతుందో ఆయనకే సరిగ్గా తెలియదని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిది వందల పద్నాలుగు, కోతలైపోయిన నెల. మునిసిపాలిటీ తలుపుకి మూడు పేజీల కాగితం అంటించారు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క స్పానిష్. ఊరి భూములన్నిటికీ సర్వే జరగబోతోంది. ఎవరి నేల దగ్గర వాళ్ళు నిలబడి హద్దులు చూపించాలి. తరవాత కోర్టువారు మా ఊరికే వచ్చి కూర్చుంటారు. అప్పుడు పేరు చెప్పుకున్నవాళ్ళకి పట్టా ఇస్తారు. రానివాళ్ళకి ఇక ఎప్పటికీ ఏ హక్కూ ఉండదు. ఇదీ అందులో ఉన్నది.

నాకు తెలుసు, ఎందుకంటే నేను చదివాను. అప్పుడే బడిలో పంతులమ్మగా చేరాను, ఇంగ్లీషు వచ్చు. నిలబడి మూడు పేజీలూ చదివి, మా నాన్న ఇంటిస్థలం సంగతి గుర్తు పెట్టుకుని, గంట కొడుతుంటే బడికి పోయాను. ఇంకెవరికీ చెప్పాలని తోచలేదు. చెప్పడానికి టముకువాడు ఉన్నాడు కదా అనుకున్నాను. నా వాటా అదీ.

మెట్ల మీద సొతేరోకి గుమాస్తా లాదిస్లావ్ చెప్పింది మూడు ముక్కలు. అప్పుడు అక్కడే ఉన్న చువా తరవాత నాకు చెప్పాడు.

"సర్వే వాళ్ళు గొలుసులు పట్టుకుని వస్తారు. నేల ఉన్నవాళ్ళు నేల దగ్గరుండాలి. కోర్టు వచ్చినప్పుడు పేర్లు చెప్పుకోవాలి. ఇంతే. వెళ్ళు."

"ఎందుకు దొరా ఈ కొలతలు?"

"ఎందుకేంటి? కొలిచేది పన్ను వెయ్యడానికి కాక పూలమాల వెయ్యడానికా? నీకెందుకు, చెప్పమన్నది చెప్పు."

లాదిస్లావ్ భార్యకి చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు తండ్రి వరసలో నిలబడింది దోన్ మెలేసియో. అందుకని కావాలనే అట్లా అన్నాడంటారు. నాకలా అనిపించదు. అతనికి కాఫీ చల్లారిపోతోంది, అంతే. కొంపలు ముంచడానికి ప్రతిసారీ కుట్ర అక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నవాడి బద్ధకం చాలు.

సొతేరో ఆ సాయంత్రమే తలహిబన్ పోయాడు. టముకు వేసి, విన్న మూడు ముక్కలూ మాట పొల్లుపోకుండా అరిచాడు. వెనక్కి తిరిగాడు. చెక్క మీద రెండు వేశాడు. మామూలుగా కంటే గట్టిగా వేశాడు.

అగపీతో వెంటనే లేచి దున్నల్ని విప్పడానికి పోయాడు. బసిలిసా మాత్రం చేతిలో చేటతో సహా అన్న వెనకాలే వచ్చి దారికి అడ్డం నిలబడింది.

"అన్నా, ఒక మాట. నేల ఉన్నవాళ్ళు పేర్లు చెప్పుకోవాలన్నావు. చెప్పుకుంటే మంచిదే కదా? ఈ మళ్ళు మావని ఎక్కడా రాసి లేదు. ఒక చోట రాసి ఉంటే..."

"రాసి ఉంటే ఏమవుద్ది? రాసినవాడి మీదే పన్ను పడుద్ది. నాన్న కాలం నుంచీ చూస్తన్నాం. పుస్తకంలో పేరెక్కినోడు ఎప్పుడైనా బాగుపడ్డాడా?"

"పన్ను కట్టుకుంటే పోలా? ఏటా నాలుగు బస్తాలు..."

"ఈ ఏడు నాలుగు, వచ్చే ఏడు ఎనిమిది. నీకు తెలీదే. నేను రోజూ ఆ మెట్ల మీద కూర్చునేవాణ్ణి, నాకు తెలుసు."

"కనుక్కోరాదా ఇంకెవరినైనా? చదువుకున్నోళ్ళని?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

బసిలిసా చేట చంకలోకి మార్చుకుని తప్పుకుంది. పెద్దన్న. తల్లీ తండ్రీ పోయాక పెంచినవాడు. ఆ మాటన్నాక ఇంకేం అంటుంది?

మర్నాడు మాపుతిక్ పోయాడు. అవే ముక్కలు అరిచాడు. పాత పగ. చెక్క మీద వెయ్యలేదు. మాపుతిక్ వాళ్ళు "వెయ్యలేదు కదా" అనుకుని ఊరుకున్నారు. మనకి ఎప్పుడూ వెయ్యడు కదా అని ఒకరూ ఇద్దరూ అనుమానించారు గానీ, సర్వే వాళ్ళు వచ్చేసరికి దాక్కునే వ్యవధి లేక, ఎవరి గట్టు మీద వాళ్ళు దొరికిపోయారు. దొరికినవాళ్ళందరి పేర్లూ రాసుకున్నారు.

తలహిబన్‌లో సర్వే వాళ్ళకి ఒక్క మనిషీ కనిపించలేదు. పొయ్యిల్లో నిప్పు ఆర్పేసి ఉంది. గట్ల మీద హద్దుకి నాటిన వెదురు గుంజలు కూడా పీకేసి పోయారు. ఎవరి మడి ఎంతో తెలిస్తే పన్ను వేస్తారని, అది అగపీతో తెలివి. పద్దెనిమిది కుటుంబాలు గడ్డిలో దోమల మధ్య మూడు రోజులు కూర్చుని, తమ నేలను తమది కాకుండా చేసుకున్నాయి. సర్వే మనిషి గుర్రం ఆపి, పక్క పొలంలో ఉన్న దోన్ మెలేసియో మేస్త్రీని అడిగాడు.

"ఇదెవరిది?"

"మా దోన్ గారిదండీ," అన్నాడు మేస్త్రీ. అడిగితే చెప్పాడు. అంతే.

ఆ ఏడాది పన్ను రాలేదు. తలహిబన్ వాళ్ళు పండగ చేసుకున్నారు. బుట్టెడు జిగురు బియ్యం, ఒక పిల్ల పుంజు సొతేరో ఇంటికి పంపించారు. అగపీతో సంతలో అందరి ముందూ అతని భుజం చరిచి, "మా బావ రెండు దెబ్బలేస్తే సర్కారు గొలుసులు కూడా తెగిపోతాయి" అన్నాడు. సొతేరో ముసిముసిగా నవ్వాడు.

కోర్టు పంతొమ్మిది వందల పదహారులో వచ్చింది. మునిసిపాలిటీ మేడ మీద బల్లలు వేశారు. మనీలా నుంచి జడ్జి వచ్చాడు. మొదటి రోజే పిలుపులు పిలిచి, రానివాళ్ళందరినీ ఒక్క వాక్యంలో కొట్టేశారు. ఆ రోజు తలుపు తోసి లోపలికి పోయినవాళ్ళలో మాపుతిక్ వాళ్ళంతా ఉన్నారు. చువా కూడా ఉన్నాడు, కొట్టు స్థలం కాగితాలతో. పేరెక్కితే పన్ను పడుతుందని తలహిబన్ వాళ్ళు ఒక్కరూ రాలేదు.

నాలుగో రోజు చువా కొట్టు ముందు సొతేరో టముకు బిగించుకుంటుంటే చువా బయటికి వచ్చాడు.

"మాంగ్ సొతేరో, నీ చెల్లెలు కాగితం పెట్టుకుందా?"

"ఏం కాగితం?"

"నేలకి. పట్టా కాగితం. నేను చీనావాణ్ణి, నాకే ఇస్తామన్నారు. ఆవిడకి ఇవ్వరా?"

"అది పన్నుకి కదయ్యా?"

చువా అతని వంక చూశాడు. "నీకు ఎవరు చెప్పారు పన్నుకని?" అని అడిగి, సమాధానం వినకుండానే లోపలికి పోయి స్టూలు తెచ్చి వేశాడు. సొతేరో కూర్చోలేదు. ఆ వారం సంతలో చాటింపులు లేవు. తలహిబన్ దాకా ఎండలో పరిగెత్తాడట, యాభై నాలుగేళ్ళ మనిషి.

బసిలిసా ఏడవలేదు. మొదట వకీలు సంగతి చూసింది. దున్నని అమ్మి రాజధాని నుంచి ఒక కుర్ర వకీలుని తెచ్చారు. అతను మంచివాడే. బడి వరండాలో కూర్చోబెట్టి అందరికీ మా భాషలో విడమరిచి చెప్పాడు.

"కొట్టేసినదాన్ని తిరగతోడాలంటే దారి ఒక్కటే. ఈ పేటకి కబురే అందలేదని రుజువు కావాలి. మునిసిపాలిటీ వాళ్ళ దగ్గర ఒక కాగితం ఉంది. అన్ని పేటల్లోనూ చాటింపు వేశానని నీ వేలిముద్ర, మాంగ్ సొతేరో. నువ్వు వచ్చి, తలహిబన్ పోలేదు, పోకుండానే ముద్ర వేశాను అని ప్రమాణం చెయ్యాలి."

"పోయాను కదయ్యా."

"పోయావని నాకు తెలుసు. పోలేదని చెప్పాలి."

"చెబితే?"

"నీ ఉద్యోగం పోతుంది. ఒకటి రెండు నెలలు జైలు పడొచ్చు. నేల నిలుస్తుంది."

సొతేరో తల వంచుకున్నాడు. బసిలిసా లేచి వచ్చి అతని ముందు చతికిలబడింది. "అన్నా, ఒక్క మాట. పోలేదని. అంతే. జైల్లో ఉన్నన్నాళ్ళూ కూడు నేను తెచ్చి పెడతా."

"చెబుతానమ్మా. నా వల్ల పోయింది, నా వల్లే రావాలి. చెబుతాను."

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. అతను అబద్ధం చెప్పాలనే కోరుకున్నాను. చెప్పడానికి సిగ్గుపడను. పద్దెనిమిది కుటుంబాల పన్నెండేళ్ళ చెమటను ఒక వేలిముద్ర మింగేస్తుంటే, ఆ వేలిముద్రని అబద్ధం చెయ్యడం నాకు పాపంగా కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

కోర్టు రోజు మేడ మెట్ల దాకా జనం. సొతేరో తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ప్రమాణం చేశాడు. మా వకీలు పేరూ పనీ అడిగాడు. అసలు ప్రశ్నకి రాకముందే దోన్ మెలేసియో వకీలు లేచి, రెండు మాటలు అడగనిమ్మన్నాడు. వయసు మళ్ళినవాడు, నవ్వు మొహం. మా భాషలోనే అడిగాడు, ఎంతో మర్యాదగా.

"మాంగ్ సొతేరో, మీ నాన్నగారిని నేనెరుగుదును. చిన్నప్పుడు ఆయన టముకు విన్నాను. గొప్ప గొంతు."

"అవునండీ."

"స్పెయిన్ వాళ్ళ కాలంలో కలరా వచ్చినప్పుడు, గుమాస్తాలు కూడా ఊరు వదిలి పారిపోయినప్పుడు, ఆయన ఒక్కడే పేట పేటకీ తిరిగాడని చెప్పుకునేవాళ్ళు. నిజమేనా?"

"నిజమండీ. ఇంటింటికీ పోయి నీళ్ళు కాచుకోమని చెప్పాడు." సొతేరో వెన్ను నిటారుగా అయింది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఆయన వదిలిపెట్టిన పేట అంటూ లేదన్నమాట."

"ఒక్కటీ లేదండీ."

"మరి మీరు? ఇక్కడ కొందరు అంటున్నారు, కొడుకు తండ్రి లాంటివాడు కాదు, సంతలో చేపలమ్ముకుంటూ దూరం పేటలు ఎగ్గొడతాడని."

"ఎవరండీ అన్నది?" సొతేరో గొంతు లేచింది. అది సంత గొంతు. మెట్ల మీద జనానికి కూడా వినపడింది. "ముప్పై ఏళ్ళు! వాన, వరద, జ్వరం, ఒక్క పేట వదల్లేదు నేను. మా నాన్న మీద ఒట్టు!"

"తలహిబన్ కూడానా?"

అప్పుడు ఆగాడు. మా వకీలు కళ్ళు మూసుకున్నాడు. బసిలిసా అన్న మొహం వైపే చూస్తోంది, కన్నార్పకుండా.

"పోయాను," అన్నాడు చివరికి. వెంటనే రెండు చేతులూ ముందుకు చాచి, జడ్జి వైపు తిరిగి గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. "పోయాను దొరా, కానీ చెక్క మీద వేశాను. రెండు దెబ్బలు. అది వేస్తే దాక్కోమని. వాళ్ళు దాక్కున్నది నేను వేశానని. వాళ్ళ తప్పు లేదు దొరా, చెక్క మీద వేశాను..."

దుబాసీ దాన్ని స్పానిష్‌లోకి మార్చడానికి అవస్థ పడ్డాడు. జడ్జి రెండుసార్లు చెప్పించుకున్నాడు. వెనకనుంచి ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. చాటింపు వేశాడా లేదా అన్నదే కోర్టుకి కావాలి, కర్ర ఎక్కడ తగిలిందో చట్టానికి అక్కర్లేదు అన్నాడు. మొదటి తీర్పు ఖాయమైంది. దోన్ మెలేసియోకి పట్టా వచ్చింది.

అది గర్వమా, తండ్రి మీద ప్రేమా, వకీలు వేసిన వలా? ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. గుమాస్తా మాట వరసకి అన్న ఒక్క "పన్ను" గురించి మాత్రం ఏ కోర్టూ అడగలేదు. మా జనానికి రాని రెండు భాషల్లో కాగితం అంటించినవాళ్ళని అసలే అడగలేదు. బోనెక్కింది చదువురాని టముకువాడొక్కడే.

ఆ తరవాత సొతేరో మరో రెండేళ్ళు బతికాడు. ఉద్యోగం పోలేదు. అదే అతనికి శిక్ష అయింది. సంతలో చాటింపులు వేసేవాడు గానీ హాస్యాలు పోయాయి. చువా చేపల సంగతి కూడా పందుల జుల్మానా చెప్పినట్టే చెప్పేవాడు. చువా ఎప్పట్లాగే చేపలు ఇచ్చేవాడు. పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో పెద్ద జ్వరం ఊరూరా తిరిగినప్పుడు దాని గురించే చాటింపు వేస్తూ తిరిగి, అదే జ్వరంతో పోయాడు. తలహిబన్ వాళ్ళు శవం మొయ్యడానికి వచ్చారు. మాట్లాడకుండా మోసి, మాట్లాడకుండా పోయారు.

నేను చూసిన చివరి సంగతి ఒకటి చెప్పాలి. అది తీర్పు వచ్చిన నెలలో జరిగింది. తలహిబన్ వాళ్ళు ఉండదలిస్తే ఉండవచ్చు, కౌలుకి. పంటలో సగం దోన్ మెలేసియో గాదెకి. ఒప్పుకున్నవాళ్ళు కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. ఆ కబురు తెచ్చింది కూడా సొతేరోనే. చెప్పేసి పోబోతుంటే బసిలిసా పిలిచింది. కోర్టు రోజు తరవాత అన్నతో ఆమె మాట్లాడడం అదే మొదలు.

"చదవడం వచ్చినోళ్ళని ఒకరిని తీసుకురా."

అతను బడికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "పంతులమ్మా, ఒక కాగితం చదివిపెట్టాలి" అన్నాడు. పిల్లల్ని పంపేసి అతని వెంట నడిచాను. రెండు మైళ్ళు.

బసిలిసా వాకిట్లో పద్దెనిమిది కుటుంబాలూ కూర్చున్నాయి. నేను కాగితం మొత్తం చదివాను, మా భాషలో, ప్రతి ముక్కా. విత్తనం ఎవరిది, గడ్డి ఎవరిది, గట్టు తెగితే ఎవరు కట్టాలి, ఎన్నాళ్ళలో పొమ్మంటే పోవాలి. వాళ్ళు ఆపి ఆపి అడిగారు. ఒక ముసలాయన ఒకే సంగతి నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. అంత బాగా వింటారని, అంత తెలివిగా అడుగుతారని నాకు అప్పటిదాకా తెలియదు. చివర్న అగపీతో నన్నడిగాడు.

"అప్పుడు తలుపుకి అంటించిన కాగితం కూడా ఇట్టాగే ఉందా, పంతులమ్మా? ఇట్టా అర్థమయ్యేట్టు?"

"ఉంది," అన్నాను.

"మీరు చూశారా?"

"చూశాను."

అగపీతో ముందుకు వంగి వేలు సిరాలో ముంచాడు. ఒకరి తరవాత ఒకరు ముద్రలు వేశారు. సొతేరో అంతసేపూ ఎండలో, వెదురు కంచె అవతల నిలబడే ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అతనూ రాలేదు.

అందరూ లేచాక బసిలిసా పొయ్యి దగ్గరకి పోయి కుండ దించింది. కంచె వైపు చూడకుండానే పిలిచింది.

"అన్నం తిని పో."

అతను వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె అరిటాకు మీద అన్నం, ఎండు చేప పెట్టింది. పెట్టి, పక్కన నిలబడింది.

"పాత గింజ ఇది," అంది. "పోయినేటిది. మాది."

సొతేరో చేప ముట్టుకోలేదు. ఆ అన్నమే తిన్నాడు, నెమ్మదిగా, ఆకు మీద ఒక్క మెతుకు మిగల్చకుండా.